మరణవార్తయు వంశచరిత్రయు



చావుకబురు చల్లగా చెప్పినాడని మనలో ఒక సామెత కలదు. ముఖ్యమైన మాటను కడపటికి దాచి తీరికగా చెప్పువానిని గూర్చి దానిని వాడుదుము. నేడు నేను మీతో ముచ్చటింప నెంచినది చావుకబురులను గూర్చియే. అయితే పత్రికలో ప్రకటించు చావుకబురును మాత్రము చల్లగానే, అనగా నిదానించి, ఆలోచించి వ్రాయవలయుననుట నా వాదము. సాయంకాలమున రేడియో చుట్టు చేరినవారికి ఈ ప్రసంగము అమంగళముగా తోచవచ్చును. కొంచెము ఓపికపట్టి వినవలయునని నా ప్రార్థన. ఈ విషయము పోయినవారికంటె ఇక పుట్టబోవువారికే ఎక్కువ సంబంధించినది.

నేను పల్లెటూరి బడిపంతులుగా ముప్పదియైదేండ్లు పనిచేసితిని. దానితోపాటు చాలకాలము పత్రికకు మా ప్రాంతపు వార్తలను పంపుచుంటిని. వానలు, పంటలు, తిరునాళ్లు, ఎన్నికలు, వీని నడుమ మరణవార్తలును వ్రాయుచుంటిని. ఇంటిలో శవముండగానే ఆ యింటి కుర్రవాడొకడు పరుగెత్తుకొని వచ్చి, "పంతులుగారూ, తాతగారు పోయినారు, పేపరులో వేయించవలెనట" అని చెప్పెడివాడు. నేను నాలుగు పంక్తులు గీకి, పట్టణమునకు పోవు బస్సులో పంపెడివాడను. మరునాడో మూడవనాడో అవి అచ్చుపడెడివి. ఇట్లు వందలకొలది వార్తలు వ్రాసితిని. వానిలో ఎన్ని ఆ కుటుంబములకు నిజముగా పనికివచ్చినవని ఎవరైన నన్నడిగినచో తలవంచుకొనవలసినదే. అందుకు కారణము కొంతసేపటిలో మనవిచేసెదను.

పత్రికలు లేని కాలమున మన పెద్దలు వంశస్మృతిని నిలుపుకొనలేదా యని మీరడుగవచ్చును. నిలుపుకొనిరి. తర్పణములు విడుచు కుటుంబములలో తండ్రి, తాత, ముత్తాత అను మూడు తరముల పేర్లు గోత్రముతో కూడ నోటికి వచ్చును. కాని క్రొత్త తరము క్రిందికి చేరగానే మీది పేరు ఒకటి జారిపోవును. తద్దినము పెట్టు ఇండ్లలో మాసము, పక్షము, తిథి తప్పక నిలుచును. సంవత్సరము మాత్రము నిలువదు. మాఘ బహుళ పంచమి నాడు తాతగారి తద్దినమని మూడు తరములవారు చెప్పుదురు. ఏ సంవత్సరపు మాఘమని అడిగినచో ఒకరి ముఖమొకరు చూచుకొందురు.

వంశరాజులు ఇంటింటికి వచ్చి వంశావళిని పాడి వినిపించెడివారు. పాడువారు తగ్గినకొలదియు ఆ జ్ఞాపకమును తగ్గినది. హరిద్వారమువంటి పుణ్యక్షేత్రములలో పండాలు యాత్రికుల పేర్లు, ఊళ్లు, తండ్రితాతల పేర్లు పెద్దపుస్తకములలో వ్రాసియుంచుదురు. అవి అమూల్యములే, కాని అంతదూరము యాత్ర చేయగలిగినవారి పేర్లే అందుండును. కరణముగారి కవిలెలలో భూమి ఎవరినుండి ఎవరికి సంక్రమించినదో తెలియును. భూమి లేనివాని పేరు అందెట్లుండును? 1984లో ఆంధ్రప్రదేశములో కరణము, మునసబు పదవులు రద్దయిన తరువాత ఆ పాతపుస్తకములలో కొన్ని కచేరీలకు చేరినవి. కొన్ని అటకలమీద చెదలపాలైనవి.

ఇక సర్కారువారి చిట్టా యొకటి కలదు. చెన్నరాజధానిలో జననమరణముల నమోదునకై 1899లో ఒక శాసనము చేయబడెను. దేశమంతటికిని వర్తించు శాసనము 1969లో వచ్చెను. మరణము సంభవించిన ఇరువదియొక్క దినములలోపల దానిని తెలియజేయవలయును. ఇది ప్రతి కుటుంబమును తప్పక చేయవలసిన పని. అయితే ఆ చిట్టా పేరును, తేదీని, స్థలమును చెప్పునేకాని, ఆ మనిషి ఎట్లు బ్రదికెనో, ఏ యూరినుండి వచ్చెనో, అతని అక్కను ఎవరికిచ్చిరో చెప్పదు.

ఈ విధముగా ఒక్కొక్క సాధనమునందు ఒక్కొక్క ముక్క మాత్రమే యున్నది. ఆ ముక్కలనన్నిటిని ఒకచోట కూర్చుటకు వీలుగలది పత్రికలోని మరణవార్త. దానిపై తేదీ యుండును. అది ఒకే ప్రతిగాక వేలకొలది ప్రతులుగా వెలువడును. ఒక ప్రతి చినిగినను మరియొకటి ఎక్కడనో ఒక గ్రంథాలయమున నిలుచును. భూమి యున్నవానికిని, లేనివానికిని అందులో చోటు దొరకవచ్చును. 1731లో లండను నగరమున ఆరంభమైన జెంటిల్‌మన్స్ మాగజైన్ అను మాసపత్రిక మరణముల పట్టికలను అచ్చువేయుచుండెను. ఆ దేశమున తమ వంశమును వెదకుకొనువారు నేటికిని ఆ పాతపుటలను తిరుగవేయుచుందురు.

మన తెలుగునాట బందరులో కృష్ణాపత్రిక 1902లో పుట్టెను. ఆంధ్రపత్రిక 1908లో బొంబాయిలో వారపత్రికగా వెలువడి, 1914లో చెన్నపట్టణమున దినపత్రికయయ్యెను. హైదరాబాదులో గోలకొండ పత్రిక 1926లోను, చెన్నపట్టణమున ఆంధ్రప్రభ 1938లోను ఆరంభమయ్యెను. ఆ కాలమున పుటలు తక్కువ. సామాన్యుని మరణము అచ్చునకెక్కుట అరుదు. దేశనాయకులు, జమీందారులు, పండితులు, దాతలు, వీరి నిర్యాణవార్తలే తరచుగా కనబడును. 1974లో విశాఖపట్టణమున ఈనాడు ఆరంభమైన పిమ్మట, కొన్నియేండ్లకు జిల్లాలకు వేరువేరు పుటలు వచ్చుటతో, పల్లెటూరి రైతునకును, చాకలికిని, మంత్రసానికిని పత్రికలో రెండంగుళముల చోటు దొరకినది. ఇది చిన్న మార్పుకాదు. అయితే దొరకిన చోటును మనమెట్లు వాడుకొంటిమి? అందుకు నా కథయే నిదర్శనము.

మా తల్లిగారు 1971లో గతించిరి. ఆమెను గూర్చిన వార్తను నేనే వ్రాసితిని. ఆ నాలుగు పంక్తులలో మా తండ్రిగారి పేరున్నది. నా పేరు, నా యుద్యోగము, నేను చదువు చెప్పు బడి పేరు, అన్నియు ఉన్నవి. "ధర్మపత్ని" యను మాటయు, "మాతృమూర్తి" యను మాటయు ఉన్నవి. మా తల్లి పేరు మాత్రము లేదు. ఈ లోపమును నేను నలువదియైదేండ్లు గమనింపలేదు. చదివినవారెవరును చెప్పలేదు. మా ప్రాంతమున ఆడువారి వార్తలు చాలవరకట్లే యుండెడివి.

మా తల్లికి ఒక్కడే తమ్ముడు. ఆయన ఇంటిలోని కాసులపేరు తాకట్టుపెట్టి, ఆ సొమ్ముతో కాకినాడలో ఓడ యెక్కి రంగూను పోయెను. ఆ కాలమున గోదావరి, విశాఖపట్టణము జిల్లాలనుండి వేలకొలది తెలుగువారు బర్మాదేశములోని బియ్యపుమిల్లులకును, రేవుపనులకును పోవుచుండిరి. ఆయనయొద్దనుండి రెండుత్తరములు వచ్చినవి. పిమ్మట రాలేదు. 1942లో జపానుసేనలు బర్మాను ఆక్రమించినప్పుడు లక్షలకొలది భారతీయులు స్వదేశమునకు పారివచ్చిరి. అనేకులు కొండలు, అడవులు దాటుచు కాలినడకను వచ్చిరి. దారిలో మరణించినవారును పెక్కుమంది. మా మేనమామయు వారిలో పోయియుండునని బంధువులు తలచి కర్మ చేయింపబూనిరి. మా తల్లి అడ్డుపడెను. "చచ్చినట్లు కబురు రాలేదు గదా" యని ఆమె వాదము. ఆమె బ్రదికియున్నంతకాలము ఆ కర్మ జరుగనీయలేదు.

నిజమునకు ఆయన 1942లోనే తిరిగివచ్చి, విశాఖపట్టణమున ఒక మిల్లులో పనికి కుదిరి, సంసారము నడుపుకొని, 1958లో కాలధర్మము చెందెను. మా యూరికిని విశాఖపట్టణమునకును నూరుమైళ్లు లేవు. కాసులపేరు విడిపింపకుండ అక్కకు ముఖమెట్లు చూపుదునని వెనుదీసెనట. ఆయన పోయినప్పుడు తోడి పనివారు తలకొంత వేసికొని పత్రికలో ఒక ప్రకటన వేయించిరి. అది ఎనిమిది పంక్తులు. వ్రాసినవాడు మిల్లులోని గుమాస్తా. అందు ఆయన పేరు, తండ్రి పేరు, పుట్టిన ఊరు, తాలూకా, రంగూనులో నున్న యేండ్లు, తిరిగివచ్చిన సంవత్సరము, భార్య పేరు, బిడ్డల పేర్లు ఉన్నవి. కడపటి పంక్తిలో ఆయన అక్కగారి పేరును, ఆమెను ఇచ్చిన ఊరిపేరును ఉన్నవి. కాని మా యూరి పఠనాలయమునకు ఆ పత్రిక రాదు. మాకు వచ్చునది మరియొకటి. మా తల్లి ఆ పంక్తిని చూడలేదు. పదమూడేండ్లు ఇంకను ఎదురుచూచి కన్నుమూసెను.

2012లో ఆ మేనమామ మనుమరాలు, అరువదియేండ్లకు దగ్గరపడిన ఇల్లాలు, తాతగారి పెట్టెలో దొరికిన ఆ కత్తిరింపును పట్టుకొని మా యూరికి వచ్చినది. మా తల్లి పేరు చెప్పి, "ఆమె సంతతివారెవరైన కలరా?" యని వాకబు చేసినది. ఎవరును చెప్పలేకపోయిరి. నేను పదవి విరమించి పట్టణము చేరియుంటిని. అంతకంటె ముఖ్యమైన సంగతి యొకటి కలదు. ఊరిలో మా తల్లిని ఎవరును పేరుతో ఎరుగరు. పెద్దలకు ఆమె "వెనుకవీధి కోడలు," పిన్నలకు "పంతులుగారి అమ్మ." పాపము, ఆ మనుమరాలు అంతటితో విడువక, గ్రంథాలయమునకు పోయి పాతపత్రికలను నెలలకొలది తిరుగవేసినది. 1971 సంవత్సరపు సంపుటములో మా యూరిపేరు కనబడగా ఆగి, నేను వ్రాసిన వార్తను చదివినది. అందు ఆమె వెదకుచున్న పేరు లేదు. పుట త్రిప్పి ముందునకు పోయినది.

నాలుగేండ్ల తరువాత, 2016లో, ఆమె కడపటి యత్నముగా ఆ 1958 నాటి ప్రకటననే యథాతథముగా పత్రికలో మరల అచ్చువేయించి, క్రింద తన చిరునామా నిచ్చినది. ఒక ఉదయమున నేను దానిని చదివితిని. మా తల్లి చూడవలసిన పంక్తిని ఆమె కుమారుడు ఏబదియెనిమిదేండ్లకు చూచెను. ఆ సాయంకాలమే బయలుదేరి పోయితిని. ఆమె తన నోటుపుస్తకము చూపినది. అందు నా 1971 నాటి వార్త నకలు వ్రాసియున్నది. ప్రక్కన "పేరు లేదు, వదలితిని" అని గుర్తు.

మా యక్క 2014లో గతించినది. మా మేనమామ ముఖమెరిగినది మా యింట ఆమె యొక్కతెయే. చిన్నప్పుడు ఆయన తన్ను భుజముపై కూర్చుండబెట్టుకొని తిరునాళ్లకు తీసికొనిపోయెనని చెప్పుచుండెడిది. ఆ ముచ్చటను ఆయన మనుమరాలికి చెప్పవలసినది ఆమె. నేను ఒక్క పేరు వ్రాసియుంటినేని వారిద్దరు కలిసికొనియుందురు. ఆ గుమాస్తాకు నాపాటి చదువు లేకపోవచ్చును. కాని మరణవార్త ఎందుకు వ్రాయుదురో ఆయనకు తెలియును, నాకు తెలియలేదు.

కావున, పెద్దలారా, ఇట్టి వార్తలో ఏమేమి యుండవలయునో, అనుభవముచేత తెలిసికొన్నవానిని మనవిచేసెదను.

మొదటిది పేరు. ఇంటిపేరుతో కూడ పూర్తిపేరు వ్రాయవలయును. ఊరివారు పిలుచు పేరు వేరైనచో దానినిగూడ వ్రాయవలయును. మనలో మనుమనికి తాతపేరు పెట్టు ఆచారము కలదు. ఒకే యింటిపేరు గలవారిలో ఒకే పేరు తరము విడిచి తరమున తిరిగివచ్చును. తండ్రి పేరు చేర్చనిదే తాతయెవరో మనుమడెవరో ముందుతరమువారికి తెలియదు. స్త్రీలయెడ మరింత జాగ్రత్త వలయును. ఆమె పేరు, పుట్టినింటి యింటిపేరు, తలిదండ్రుల పేర్లు, పుట్టిన ఊరు, ఈ నాలుగును తప్పక యుండవలయును. పెండ్లితో ఇంటిపేరు మారును గనుక, వీనిని వ్రాయనిచో వంశవృక్షములో సగము కొమ్మలు విరిగినట్లే. దత్తత పోయినవారికి జన్మనిచ్చినవారి పేర్లును, దత్తు తీసికొన్నవారి పేర్లును రెండును వ్రాయవలయును.

రెండవది కాలము. ఇంగ్లీషు తేదీ, తెలుగు తిథి రెండును వ్రాయుడు. మన సంవత్సరముల పేర్లు అరువదియేండ్లకొకసారి తిరిగివచ్చును. "ధాత సంవత్సరమున పోయిరి" అన్నచో అది మహాక్షామము వచ్చిన 1876 కావచ్చును, 1936 కావచ్చును, 1996 కావచ్చును. తిథిమాత్రమే యున్నచో సంవత్సరము తెలియదు. తేదీమాత్రమే యున్నచో తద్దినమునకు పంచాంగము వెదకవలయును. రెండును ఉన్నచో ఒకదానిలోని తప్పును మరియొకటి పట్టియిచ్చును. అధికమాసము వచ్చిన యేట అధికమో నిజమో చెప్పవలయును. మరియొక చిక్కు కలదు. మనవారు సూర్యోదయమునుండి దినమును లెక్కింతురు. ఇంగ్లీషువారు అర్ధరాత్రినుండి లెక్కింతురు. తెల్లవారుజామున మూడుగంటలకు పోయినవారు ఇంటివారి లెక్కలో నిన్న పోయినట్లు, ఆసుపత్రి కాగితములో నేడు పోయినట్లు. వేళగూడ వ్రాసినచో వివాదముండదు. వయస్సునుగూర్చియు ఇట్లే. "ఎనుబదవ యేట" అన్నచో నిండినవి డెబ్బదితొమ్మిదియే. పుట్టిన సంవత్సరము తెలిసినచో దానినే వ్రాయుట మేలు. తెలియనిచో "సుమారు" అనుడు. నూరేండ్లని గొప్పకు వ్రాయుట మనుమలను మోసగించుటయే.

మూడవది స్థలము. రామాపురములు, కొత్తపల్లులు మనకెన్ని లేవు? ఊరిపేరుతోపాటు మండలము, జిల్లా, దగ్గరనున్న పెద్ద ఊరు చెప్పవలయును. తాలూకాలు పోయి 1985లో మండలములు వచ్చినవి. తెలంగాణములో 2016లో పది జిల్లాలు ముప్పదియొకటి యయ్యెను. ఆంధ్రప్రదేశములో 2022లో పదమూడు జిల్లాలు ఇరువదియారయ్యెను. మా యూరే నా బాల్యమున తూర్పుగోదావరి జిల్లాలోనిది, ఇప్పుడు కాకినాడ జిల్లాలోనిది. జిల్లాలు మారును, నది, రేవు, పెద్దఊరు అంత సులభముగా మారవు. శ్రీశైలము జలాశయమువలన కృష్ణాతీరమున అనేకగ్రామములు నీటమునిగినవి. అట్టి ఊళ్లలో పుట్టినవారి వార్తలో ఆ మునిగిన ఊరిపేరును తప్పక వ్రాయవలయును. ఊరు లేదు గనుక పేరు ఇక కాగితముమీదనే నిలువవలయును.

నాలుగవది బంధుత్వము. "మనుమలు నలుగురు" అన్నచో కుమారుని బిడ్డలా, కుమార్తె బిడ్డలా తెలియదు. పౌత్రులు, దౌహిత్రులు అను మాటలు మనకున్నవి గదా. "బావగారు" అన్నచో అక్కమగడో, మేనత్తకొడుకో చెప్పవలయును. కొడుకుల పేర్లు, ఉద్యోగములు వ్రాసి, "కుమార్తెలు ముగ్గురు" అని ముగించుట తగదు. కుమార్తెల పేర్లు, వారినిచ్చిన ఊళ్లు వ్రాయుడు. తోబుట్టువులను మరువరాదు. ముందుగా పోయిన బిడ్డలను గూడ పేర్కొనవలయును. దేశాంతరము పోయి జాడలేనివారిని విడువకుడు. వారి మనుమలు ఎక్కడనో మనలను వెదకుచుండవచ్చును.

ఐదవది జీవితము. "పరోపకారి, మృదుభాషి, అజాతశత్రువు" అని నేను వందలమందిని గూర్చి వ్రాసితిని. ఆ మాటలు తీసి ఒకరివి మరియొకరికి అతికించినను ఎవరును కనిపెట్టలేరు. "ఊరి చెరువుతూమును నలువదియేండ్లు కాచెను" అనుడు. "బడికి రెండు సెంట్ల నేల నిచ్చెను" అనుడు. "మూడువందల కాన్పులు చేసెను" అనుడు. అట్టి వాక్యము ఒక్క మనిషికే చెల్లును. ఏ బడిలో చదివెను, ఏ మిల్లులో, ఏ దండులో, ఏ యోడపై పనిచేసెను అని వ్రాసినచో, ముందుతరమువారికి వెదకుటకు మరియొక దారి దొరకును.

ఇప్పుడు పాతవార్తలను చదువుటను గూర్చి రెండుమాటలు. మరణమును చెప్పు క్రియాపదమే కుటుంబసంప్రదాయమును తెలుపవచ్చును. శివైక్యము చెందిరి అన్నచో ఒకటి, పరమపదించిరి అన్నచో మరియొకటి, ప్రభువునందు నిద్రించిరి అన్నచో ఇంకొకటి. వ్రాసిన విలేఖరి అలవాటువలన గూడ ఆ మాట పడియుండవచ్చును గనుక దీనిని సూచనగానే గ్రహింపవలయును. వార్త అచ్చయిన తేదీ మరణించిన తేదీ కాదు. "నిన్న" అను మాట విలేఖరి వ్రాసిననాటికి నిన్న. పత్రిక అచ్చయిననాటికి మొన్నయో, అటుమొన్నయో. దుఃఖములో చెప్పిన పేర్లు, తొందరలో కూర్చిన అక్షరములు, రెండును తప్పిపోవును. కావున ఒక్క పత్రికను నమ్మక, మరణపు చిట్టాతోను, తద్దినపు తిథితోను, ముసలివారి మాటతోను సరిచూడవలయును. ఇంకొక హెచ్చరిక. పత్రికాకత్తిరింపు ఒక్కటియే ఆస్తిహక్కునకు రుజువు కాజాలదు. దానికి సర్కారు పత్రములే కావలయును. కత్తిరింపు దారి చూపును, తీర్పు చెప్పదు.

కత్తిరించి దాచుకొనువారు తరచుగా చేయు తప్పొకటి కలదు. వార్తచుట్టు చక్కగా కత్తెర నడపి, పత్రికపేరును తేదీని పారవేయుదురు. కత్తిరింపు ప్రక్కన ఆ రెండును, పుటసంఖ్యను సిరాతో వ్రాయుడు. పత్రికల కాగితము నాసిరకపు కొయ్యగుజ్జుతో చేసినది గనుక కొన్నియేండ్లకే పసుపువారి పెళుసెక్కును. ఎండ తగులరాదు, తేమ తగులరాదు. మంచికాగితముపై నకలు వ్రాసి గాని, ఫొటో తీయించి గాని, రెండు ఇండ్లలో ఉంచుడు. ఈ కాలమున చావుకబురు సెల్‌ఫోనులో నిమిషములో పదియూళ్లకు పోవుచున్నది. మంచిదే. కాని ఫోను మారగానే ఆ కబురు మాయమగును. పాతపత్రికలు కావలసినవారు వేటపాలెములో 1918లో స్థాపింపబడిన సారస్వతనికేతనమువంటి గ్రంథాలయములను ఆశ్రయింపవచ్చును. అట్టిచోట్ల సంపుటములు భద్రపరచినవారి ఋణము మనము తీర్చుకొనజాలము.

ఇక తుదిమాట. ఇంటిలో ఏడ్పు వినబడుచుండగా నాయనమ్మగారి పుట్టింటి యింటిపేరు ఎవరిని అడుగుదురు? ఆ సమాధానము తెలిసినవారే ఆ దినమున నేలమీద పరుండియుందురు. కావున ఈ పని ముందుగానే కావలయును. మీలో ప్రతివారును ఒక తావు కాగితము తీసికొని, మీ పేరు, మీ తలిదండ్రుల పేర్లు, తల్లిగారి పుట్టినిల్లు, మీ తోబుట్టువులు, వారినిచ్చిన ఊళ్లు, మీరు చేసిన పని, వీనిని మీ చేతితోనే వ్రాసి, భూమిపత్రములున్న పెట్టెలో ఉంచుడు. ఇది అపశకునము కాదు. భూమి ఎవరికి పోవలయునో వ్రాయుటకు జంకనివారము, మనమెవరమో వ్రాయుటకు జంకనేల?

మా తల్లి గతించి 2021 నాటికి ఏబదియేండ్లు నిండినవి. ఆ దినమున నేను పత్రికలో మరల ఒక ప్రకటన వేయించితిని. అది తొమ్మిది పంక్తులు. అందు ఆమె పేరు, పుట్టినింటిపేరు, తలిదండ్రుల పేర్లు, తమ్ముని పేరు, ఆయన రంగూను పోయివచ్చిన సంగతి, మా యక్క పేరు, ఆమె బిడ్డల పేర్లు వ్రాసితిని. నా యుద్యోగము వ్రాయలేదు. మా మేనమామ మనుమరాలికి ఒక ప్రతి పంపగా, ఆమె దానిని కత్తిరించి, తేదీ వేసి, తన నోటుపుస్తకములో "పేరు లేదు, వదలితిని" అను గుర్తుక్రింద అంటించుకొన్నట్లు జాబు వ్రాసినది.

ఈ రాత్రి భోజనములైన పిమ్మట మీ యింటిలోని పెద్దముత్తయిదువనో, ముసలమ్మగారినో ఆమె పూర్తిపేరును, పుట్టిన ఊరును అడిగి వ్రాసికొనవలయునని వేడుచు, ఇంతటితో విరమించుచున్నాను.